తినేసోడాకు అంకె పేరు

తెలుగు ఎక్కడ చిక్కిపోతున్నదని అడిగితే మన సభల్లో వక్తలు ఇంగ్లీషు మీడియం బడి వైపు వేలు చూపిస్తారు. సినిమా వైపు చూపించేవారున్నారు, టెలివిజను వైపు చూపించేవారున్నారు. ఈ మూడింటి మీదా చెప్పవలసినదంతా చాలామంది చెప్పేశారు. నేను నాలుగో చోటు చూపించదలచుకున్నాను. అది ఐదు రూపాయల బిస్కత్తు పొట్లం వెనక భాగం.

సాహిత్య పత్రికలో చర్చించే విషయమా ఇది అని కొందరు మిత్రులు ముఖం చిట్లించవచ్చు. పద్యమూ కథా నవలా మాత్రమే భాష అనుకునేవారితో నాకు మొదటినుంచీ పేచీ ఉన్నది. గిడుగు రామమూర్తి పంతులు వాడుకభాష కోసం జీవితమంతా ధారపోసినది కవులు సుఖంగా రాసుకోవడానికి కాదు, చదువు నలుగురికీ అందడానికి. కథల సంపుటి వెయ్యి ప్రతులు అమ్ముడుపోతే పండగ చేసుకునే మనకు, పిలవకుండానే ప్రతి ఇంట్లోకీ నడిచివచ్చే అచ్చుకాగితం ఒకటున్నదని తోచదు. ఆ కాగితం మన నోట్లోకి పోయే వస్తువు గురించి మాట్లాడుతుంది. మనకు తెలియని భాషలో మాట్లాడుతుంది.

పొట్లం తిప్పి చూడండి. మామూలు గ్లూకోజు బిస్కత్తే. గోధుమపిండి, పంచదార, నూనె, ఉప్పు - అన్నీ ఇంగ్లీషులో. వాటి నడుమ ‘రెయిజింగ్ ఏజెంట్స్’ అనే మాట. దాని పక్కన బ్రాకెట్లో 503, 500 అని రెండు అంకెలు. ఒక్కొక్క అంకెకు తోకలాగా రోమను రెండు. అక్షరాలు చీమతలకాయంత. మా కాలేజీలో రసాయనశాస్త్రం చెప్పే మిత్రుడి చేతికి పొట్లమిచ్చి, ఈ 500 ఏమిటని అడిగాను. పుస్తకం చూసి చెబుతానన్నాడు. మర్నాడు వచ్చి సోడియం బైకార్బొనేట్ అన్నాడు. అంటే తినేసోడా! వంటింట్లో ఉప్పుడబ్బా పక్కన తరతరాలుగా కూర్చున్న తినేసోడాను గుర్తుపట్టడానికి ఎమ్మెస్సీ చదివినవాడు కూడా పుస్తకం తెరవవలసి వచ్చింది. ఇందులో ఆయన తప్పేమీ లేదు. మనిషి ముఖానికి గుడ్డ కప్పి, మెడలో నెంబరు బిళ్ళ వేలాడదీసి, వీడెవడో చెప్పమంటే ఎవరు చెప్పగలరు?

ఈ పదార్థానికి తెలుగులో పేరు లేక అంకె పెట్టారా అంటే, ఒకటికి మూడు పేర్లున్నాయి: తినేసోడా, వంటసోడా, సోడా ఉప్పు. బట్టలు నానబెట్టేదాన్ని బట్టలసోడా అన్నారు. పాత తరంవారు కులం పేరు తగిలించి చాకలిసోడా అనేవారు, ఆ మాట పోవడమే మంచిది. అంతర్జాతీయ పట్టికలో 500 అనే అంకె కింద రోమను ఒకటి అంటే సోడియం కార్బొనేట్, ఉతుకుడుకు వాడేది ఆ జాతిదే. రోమను రెండు అంటే బైకార్బొనేట్. శాస్త్రజ్ఞులు ఒకటి, రెండు అని విడదీసినదాన్ని మన ఇల్లాళ్ళు అంతకు ముందే తినేది, ఉతికేది అని విడదీసుకున్నారు. రెండింటిలో ఎవరి నామకరణం మనిషికి ఎక్కువ ఉపయోగమో వేరే చెప్పాలా?

అది చేసే పనికూడా జనానికి తెలియనిది కాదు. సోడాకు పులుపు తగిలినా, వేడి తగిలినా బొగ్గుపులుసు వాయువు బయటికి వస్తుంది. 84 గ్రాముల సోడా పులుపుతో పూర్తిగా కలిస్తే 44 గ్రాముల వాయువు పుడుతుంది. ఆ వాయువు పిండిలో బుడగలు బుడగలుగా చిక్కుకుంటుంది, పిండి పొంగుతుంది, కాలేసరికి ఆ గదులు గట్టిపడి బిస్కత్తు గుల్లబారుతుంది. తగినంత పులుపు లేకుండా సోడా ఎక్కువైతే చివరకు బట్టలసోడాయే మిగులుతుంది. అందుకే చేయితిరగని వంటలో బోండా సబ్బు రుచి వేస్తుంది. 503 అన్నది అమ్మోనియం బైకార్బొనేట్. వేడికి మొత్తంగా అమ్మోనియా, నీటి ఆవిరి, బొగ్గుపులుసు వాయువుగా విడిపోయి గాలిలో కలిసిపోతుంది. పలుచటి బిస్కత్తులో నుంచి అమ్మోనియా సులభంగా బయటపడుతుంది, మందపాటి కేకులో ఇరుక్కుని వాసన కొడుతుంది. కనుక అది బిస్కత్తులకే పనికివస్తుంది. ఇందులో ఇంటర్మీడియేటు చదువుకు మించినది ఏమీ లేదు.

మాధాపురంలో సైబర్ టవర్స్ వెనక సందుల్లో సాయంత్రం పూట మిర్చిబజ్జీల బండి దగ్గర నిలబడి వినండి. “అన్నా, సోడా జాస్తి ఏసినవా ఏంది, నూనె మస్తు గుంజినయ్?” అంటాడు ఒక కుర్రవాడు. “లేదు తమ్మీ, చిటికెడే. పిండి జర పలుచగయింది,” అంటాడు బండివాడు. కొన్నవాడు అడిగాడు, అమ్మినవాడు జవాబు చెప్పాడు. జవాబు నిజమో కాదో బజ్జీ కొరికితే తేలిపోతుంది. సరుకు గురించి విచారించే హక్కు, విచారించడానికి చాలిన భాష, ఆ బండి దగ్గర సంపూర్ణంగా ఉన్నాయి. అదే మనిషి పక్కనున్న అద్దాల దుకాణంలోకి వెళ్ళి పొట్లం కొంటే అడిగే దిక్కు లేదు. పొట్లమే చెప్పాలి. అది అంకె చెబుతుంది.

ఇక్కడ ఒక అపార్థం తొలగించాలి. సోడా విషమని నేననడం లేదు. అంకెలున్నవన్నీ విషాలని, ఫలానా అంకె అంటే పంది కొవ్వని, ఫలానా అంకె అంటే కాన్సరని చేతి ఫోన్లలో తిరిగే జాబితాలు ఈ నగరంలో ఎన్నో. అవి చదివి భయపడేవారిని చూసి నవ్వడం తేలిక. చీకట్లో ఉంచిన మనిషికి తాడు పామై కనిపించక ఇంకేమౌతుంది? నిజానికి ఆ అంకె పదార్థాన్ని గుర్తుపట్టడానికి పెట్టిన గుర్తు మాత్రమే. ఆహార వ్యవసాయ సంస్థ, ప్రపంచ ఆరోగ్య సంస్థ కలిసి 1963లో నెలకొల్పిన కోడెక్స్ అనే సంఘం 1989లో ఈ అంకెల పట్టికను ఆమోదించింది. దేశానికొక పేరున్న పదార్థాన్ని ఓడరేవులో, ప్రయోగశాలలో, తనిఖీ అధికారి బల్ల మీద తికమక లేకుండా గుర్తించడానికి అది పుట్టింది. ఆ పనికి అది మంచి సాధనమే. అధికారికీ అధికారికీ మధ్య మాట్లాడుకునే సంకేతాన్ని తెచ్చి తినేవాడి ముందు పడవేసి, చెప్పవలసినది చెప్పేశామని చేతులు దులుపుకోవడం దగ్గర నా అభ్యంతరం.

చట్టం అంకెనే వేయమన్నదా? అనలేదు. పదార్థం చేసే పని చెప్పి, దాని పక్కన పేరు గాని అంకె గాని వేయమన్నది. పేరా అంకెయా అన్న ఎంపిక తయారుచేసేవాడిదే. మరి వాడు ఎప్పుడు పేరు వేస్తాడు, ఎప్పుడు అంకె వేస్తాడు? కొండాపూరులో, గచ్చిబౌలిలో ఈమధ్య వెలిసిన ‘సహజ’ ఆహారపు దుకాణాలకు వెళ్ళి చూడండి. కొర్రలతోనో రాగులతోనో చేసిన బిస్కత్తు, గోధుమరంగు కాగితపు సంచీ, దాని మీద రసాయనాలు లేవని పెద్ద అక్షరాలు. తిప్పి చూస్తే ‘బేకింగ్ సోడా’ అని తీరుబడిగా రాసి ఉంటుంది. అదీ 500 రోమను రెండే. అణువులో తేడా లేదు. ధర మాత్రం ఎన్నో ఇంతలు. డబ్బున్నవాడికి పేరు, లేనివాడికి అంకె. పేరు చెప్పడం విలాసవస్తువైన కాలం ఇది.

భాష సంగతి మరీ విచిత్రం. 2020లో కేంద్ర ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ వెలువరించిన లేబుల్ నిబంధనల ప్రకారం వివరాలు ఇంగ్లీషులో గాని, దేవనాగరి లిపిలో హిందీలో గాని ఉండాలి. వీటికి అదనంగా మరో భాష వాడితే అడ్డులేదని ఒక కొసమెరుపు. 2011 నాటి నిబంధనల్లోనూ ఇదే వాక్యం. దానికి ముందు, 1954 నాటి కల్తీ నిరోధక చట్టం కింద చేసిన నిబంధనల్లోనూ ఇదే వాక్యం. చట్టం మారింది, శాఖ మారింది, వాక్యం మారలేదు. ‘అడ్డులేదు’ అన్న మాట ఎంత ఉదారంగా వినిపిస్తుందో చూడండి! కూలి ఇచ్చినా అడ్డులేదు అని చట్టం రాస్తే ఏ యజమాని కూలి ఇస్తాడు?

2011 జనాభా లెక్కల ప్రకారం తెలుగు మాతృభాషగా గలవారు ఎనిమిది కోట్ల పదకొండు లక్షలు. 1966లో తెలుగు అధికారభాష అయింది. 2008లో ప్రాచీన భాష అయింది. 2017లో ఈ హైదరాబాదులోనే ప్రపంచ తెలుగు మహాసభలు జరిగాయి, మరుసటి సంవత్సరం బడుల్లో తెలుగును తప్పనిసరి చేస్తూ తెలంగాణ చట్టం చేసింది. ఇన్ని కిరీటాలున్న భాష ఐదు రూపాయల పొట్లం మీద ‘తినేసోడా’ అనే నాలుగక్షరాలు సంపాదించుకోలేకపోయింది.

ఇందుకు బాధపడేది ఎవరో చెప్పాలంటే హైటెక్ సిటీని రెండు కళ్ళతో చూడాలి. 1998 నవంబరు 22న ప్రధాని వాజపేయి సైబర్ టవర్స్ ప్రారంభించిన నాటినుంచి ఈ ప్రాంతం గురించి రాసినవారంతా ఒంటికంటితోనే చూశారు. కంప్యూటరు ముందు కూర్చునే ఇంజనీరు కనిపించాడు. ఆ బల్ల తుడిచే మనిషి, గేటు దగ్గర నిలబడే మనిషి, కారు తోలే మనిషి, పాంట్రీలో టీ మిషను పక్కన బిస్కత్తులు సర్దే మనిషి కనిపించలేదు. పాలమూరు నుంచి, శ్రీకాకుళం నుంచి, ఒరిస్సా నుంచి వచ్చిన వీళ్ళు లేకపోతే ఆ మేడలు ఒక్క పూట నడవవు. లేబుల్ నిబంధన రాసినవారి మనసులో ఉన్న ‘వినియోగదారుడు’ ఆ మొదటి మనిషే.

మా కాలేజీలో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్న ఒక అమ్మాయి తల్లి అటువంటి ఒక మేడలో పాంట్రీ పని చేస్తుంది. తెలుగు కూడబలుక్కుని చదువుతుంది. ఇంగ్లీషు రాదు. రక్తపుపోటు ఉన్నదని డాక్టరు ఉప్పు తగ్గించమన్నాడు. ఆమె నిష్ఠగా తగ్గించింది. ఊరగాయ మానేసింది, అప్పడం మానేసింది, మజ్జిగలో ఉప్పు మానేసింది. మధ్యాహ్నం అన్నం వేళ దాటిపోతుంది గనక టీతో బిస్కత్తులు తిని పొద్దు గడుపుకుంటుంది, ఒక్కొక్క రోజు పొట్లం పొట్లమే. “తియ్యటి బిస్కత్తే గద సార్, అందుల ఉప్పేడుంటది అంటది మా అమ్మ,” అని ఆ అమ్మాయి నాతో చెప్పింది.

ఉంటుంది. తియ్యటి బిస్కత్తులో ఉప్పూ ఉంటుంది, సోడా కూడా ఉంటుంది. రక్తపుపోటుకు శత్రువు ఉప్పులోని సోడియమైతే, సోడాలోనూ ఆ సోడియమే. గ్రాము ఉప్పులో సుమారు 390 మిల్లీగ్రాముల సోడియం ఉంటే గ్రాము తినేసోడాలో సుమారు 270 ఉంటుంది. రోజుకు 2,000 మిల్లీగ్రాములకు లోపు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. బిస్కత్తులో సోడా కిలో పిండికి కొద్ది గ్రాములే పడుతుంది. ఒకటి రెండు తిన్నవాడికి ఏమీ కాదు. కాని పూటభోజనం స్థానంలో పొట్లం తినేవారికి, అదీ డాక్టరు వద్దన్నవారికి, లెక్క వేరు. సోడియం ఎంతో మిల్లీగ్రాముల్లో వేయాలని 2020 నిబంధనలు చెప్పాయి, వేస్తున్నారు కూడా. ఏ భాషలో? ఊరగాయను జయించిన ఆ తల్లి ఓడిపోయినది ఇంగ్లీషు దగ్గర. ఆమె నిగ్రహంలో లోపం లేదు, డాక్టరు సలహాలో లోపం లేదు. ఆమెకూ ఆ పొట్లానికీ నడుమ ఒక తెలుగు మాట లోపించింది.

ఈ సందర్భంలోనే తార్నాక వెళ్ళిరావాలి. అక్కడి జాతీయ పోషకాహార సంస్థ 1918లో కూనూరులో బెరిబెరి వ్యాధి విచారణకై మెకారిసన్ నడిపిన ఒక చిన్న కేంద్రంగా మొదలై 1958లో హైదరాబాదు వచ్చింది. బెరిబెరి మనకు పరాయి జబ్బు కాదు. సర్కారు జిల్లాల్లో అది పాతుకుపోయిన కథ, 1835లో మాల్కంసన్ అనే వైద్యుడు రాసిన పుస్తకం నాటినుంచి వైద్యగ్రంథాలకు ఎక్కింది. మరపట్టిన తెల్లబియ్యంలో థయమిన్ అనే విటమిన్ పోవడం దానికి కారణమని తరవాత తేలింది. ఆ విటమిన్‌కు క్షారం పడదు. అందుకే పప్పు త్వరగా ఉడకాలని చిటికెడు సోడా వేసే అలవాటు మంచిది కాదని ఆ సంస్థ చెబుతూ వచ్చింది. ఎంత విలువైన మాట! ఆ మాట గృహిణికి ఎందుకు అర్థమైంది? సోడా అన్నారు గనక. 500 వేయవద్దు అని ఉంటే ఎవరు మానేవారు?

అదే సంస్థ 2024 మే నెలలో ప్రజలకు పదిహేడు ఆహారసూత్రాలు ప్రకటించింది. వాటిలో చివరిది, పొట్లం మీది వివరాలు చదివి కొనమని. మంచి సూత్రం. తార్నాకలో కూర్చున్న శాస్త్రజ్ఞులు చదవమంటారు, ఢిల్లీలో కూర్చున్న నిబంధన చదవనివ్వదు.

చదువురానివాళ్ళకు ఎట్లాగూ చెప్పలేము, దేశంలో నిరక్షరాస్యత ఉన్నంతకాలం ఇంతే అని నిట్టూర్చే పెద్దమనుషులున్నారు. వాళ్ళకు పొట్లం ముందువైపు చూపించాలి. అక్కడ చతురంలో ఆకుపచ్చ చుక్క ఉన్నది. శాకాహారమని అర్థం. 2001 నుంచి ఉన్నది. మాంసాహారానికి గోధుమరంగు చుక్క పెట్టారు. రంగు గుర్తుపట్టలేనివారికి ఇబ్బందని 2020లో దాన్ని త్రికోణం చేశారు. అక్షరం ముక్క రానివాడికి, రంగులు తెలియనివాడికి కూడా అందేటట్లు చెప్పడం ప్రభుత్వానికి చేతనవునని ఈ చుక్క సాక్ష్యం చెబుతున్నది. చెప్పదలచుకున్నది చెప్పారు. శాకాహారి మనోభావం చుక్కకు నోచుకున్నది, కూలిమనిషి రక్తపుపోటు నోచుకోలేదు. చుక్క తీసేయమని నేననడం లేదు. చుక్క పెట్టిన చేతికి తెలుగు రాయడం అసాధ్యమంటే నమ్మనంటున్నాను.

ఇక కంపెనీల వకాల్తా పుచ్చుకునేవారి వాదాలు. పొట్లం మీద చోటు లేదంటారు. క్రికెట్ ఆటగాడి బొమ్మకు చోటున్నది, బంగారు నాణెం గెలుచుకోండి అనడానికి చోటున్నది. దేశంలో ఇరవైరెండు భాషలున్నాయి, అన్నీ ఎట్లా వేస్తామంటారు. అన్నీ ఎవరడిగారు? తెలంగాణలో అమ్మేదాని మీద తెలుగు, ఇక్కడ 2017 నుంచి రెండో అధికారభాష అయిన ఉర్దూ, ఒరిస్సాలో ఒరియా, తమిళనాడులో తమిళం. సరుకు రాష్ట్రం రాష్ట్రానికీ లెక్కగట్టి పంపగలవారికి పొట్లం కాగితం పంపడం కష్టమా? ఫోనుతో గళ్ళబొమ్మను చూపిస్తే అన్నీ తెలుస్తాయి కదా అని మరొక వాదం. ఇంత మోటు సమాధానానికి జవాబు చెప్పను. అది చెప్పేవారు బోరబండ కిరాణా కొట్లో, వెనక నలుగురు నిలబడి ఉండగా, ఆ పని ఒకసారి చేసి చూపించాలి.

వీరి నిజాయితీ తెలియాలంటే ఇదే సరుకు విదేశాల్లో ఎట్లా నడుచుకుంటుందో చూడాలి. మన దేశపు బిస్కత్తు కెనడా వెళితే ఇంగ్లీషుతోపాటు ఫ్రెంచి నేర్చుకుంటుంది, ఎందుకంటే అక్కడి చట్టం రెండూ ఉండాలంటుంది. గల్ఫు వెళితే అరబ్బీ నేర్చుకుంటుంది. కరీంనగరం నుంచి దుబాయి పోయిన మన కూలి అక్కడి దుకాణంలో మన దేశపు పొట్లం కొంటే దాని మీద ఆ దేశపు ప్రజల భాష కనిపిస్తుంది. సెలవు మీద ఊరొచ్చి కొంటే తన భాష కనిపించదు. ఐరోపా సమాఖ్య 2011లో చేసిన చట్టం, సరుకు అమ్మే దేశపు జనానికి సులభంగా అర్థమయ్యే భాషలో వివరాలు ఉండాలన్నది. ఎస్టోనియా జనాభా పధ్నాలుగు లక్షలకు మించదు, మన ఒక జిల్లాపాటి. వాళ్ళకు బిస్కత్తు ఎస్టోనియన్ భాషలో మాట్లాడుతుంది.

అంతదూరం పోవడం దేనికి? బీడీకట్ట చూడండి. 2003 నాటి పొగాకు చట్టం తొమ్మిదో సెక్షనులో ఒక చక్కని సూత్రం ఉన్నది: కట్ట మీద ఏ భాషలో రాస్తే హెచ్చరికా ఆ భాషలో ఉండాలి. తెలుగులో పేరు వేసి అమ్మావా, తెలుగులో హెచ్చరించు. నిజామాబాదు, జగిత్యాల, సిద్దిపేటల్లో వేలాది ఆడవాళ్ళ వేళ్ళ మధ్య నుంచి వచ్చే బీడీకి వర్తించే న్యాయం బిస్కత్తుకు ఎందుకు వర్తించదు? ఇంతకంటె చిన్న కోరిక, ఇంతకంటె సులువైన సవరణ నాకు తోచడం లేదు. పేరు తెలుగులో ముద్రిస్తే, రోడ్ల మీద పలకల్లో, టెలివిజనులో తెలుగులో ప్రకటనలు ఇస్తే, అందులో ఏమున్నదో కూడా తెలుగులో చెప్పాలి. కొనమనడానికి వచ్చిన తెలుగు ఏం తింటున్నావో చెప్పడానికి రాకపోవడమేమిటి? ఆహారకల్తీ రాజ్యాంగంలో ఉమ్మడి జాబితాలోని విషయం. రెండు తెలుగు ప్రభుత్వాలకూ నోరు విప్పే అధికారం ఉన్నది. 2022లో పొట్లాలకు నక్షత్రాలు పెట్టాలని ఢిల్లీ ముసాయిదా తెచ్చింది, హెచ్చరికలే పెట్టాలని ప్రజారోగ్యవాదులు పట్టుబట్టారు, తగవు సుప్రీంకోర్టుకెక్కి 2025లో కోర్టు గడువులు పెట్టింది. ఆ తగవులో మన సాంస్కృతిక శాఖల గొంతు నాకు వినిపించలేదు.

శత్రువులతో అయింది, ఇక మిత్రులతో. రేపు నిజంగానే తెలుగు వేయమని చట్టం వస్తే నాకు భయమంతా మా తెలుగు పండితులతోనే. ‘రెయిజింగ్ ఏజెంట్’కు ‘ఉత్థాపక ద్రవ్యము’ అని, సోడియం బైకార్బొనేటుకు ‘సర్జద్విక్షారము’ అని తయారుచేసి ఇస్తారు. అంకె కంటె అది దుర్భేద్యం. మన చరిత్రలో మంచి ప్రయత్నాలు లేకపోలేదు. 1906లో ఈ నగరంలోనే పుట్టిన విజ్ఞాన చంద్రికా మండలి శాస్త్రాన్ని తెలుగులో చెప్పడానికి పూనుకున్నది. 1918లో మొదలైన ఉస్మానియా విశ్వవిద్యాలయం రసాయనశాస్త్రాన్ని ఉర్దూలో చెప్పింది. దేశభాషలో ఉన్నత శాస్త్రవిద్య అసాధ్యమన్నవారి నోరు మూయించింది. 1968లో తెలుగు అకాడమి వచ్చింది. కాని ఈ కృషి పాఠ్యపుస్తకం దాకా వచ్చి ఆగింది, పచారీ కొట్లోకి దిగలేదు. కొట్లోకి దిగాలంటే పదం పండితుడి దగ్గర పుట్టి లాభం లేదు. ‘పిండి పొంగడానికి: తినేసోడా (500)’ - ఇంత చాలు. అంకె అధికారికి, పేరు మనిషికి. రెండూ ఉంటే ఎవరికి నష్టం?

ఈ పని చట్టం వచ్చేదాకా ఆగనక్కరలేదని, పోయిన సెమిస్టరులో మా రెండో సంవత్సరం తరగతికి అనువాదం పాఠం కింద ఒక బిస్కత్తు పొట్లం ఇచ్చాను. విశ్వవిద్యాలయం నిర్ణయించిన పాఠ్యభాగం ఒక కాళిదాస నాటకంలోని వర్ణన. అది పక్కన పెట్టాను. 500 దగ్గర ఎవరూ ఆగలేదు. 503కు ఒక కుర్రవాడు ‘అమ్మోనియా సోడా’ అన్నాడు, మిగతావాళ్ళు ఒప్పుకున్నారు. 322 అంటే లెసిథిన్, ఎక్కువగా సోయా నుంచి తీసేది. దానికి ‘సోయా జిడ్డు’ అన్నారు, అది అంత బాగులేదని నాకనిపించినా నూనెనూ నీటినీ కలిపి ఉంచేది అని పక్కన రాసుకున్నాక సరే అనుకున్నాను. చిక్కు వచ్చినది 223 దగ్గర. అది సోడియం మెటాబైసల్ఫైటు, పిండిని మెత్తబరచడానికి వేసేది; ఉబ్బసం ఉన్న కొందరికి పడదు. కిలోకు పది మిల్లీగ్రాములు గాని అంతకు మించి గాని సల్ఫైటు ఉంటే ప్రత్యేకంగా ప్రకటించాలని నిబంధన కూడా ఉన్నది. ‘గంధకపు ఉప్పు’ అంటే జనం టపాకాయల మందనుకుని బెదిరిపోతారని సగం తరగతి. ఉబ్బసం ఉన్నవాడు బెదిరితేనే మంచిదని మిగతా సగం. గంట కొట్టేదాకా వాదించుకున్నారు. 223కు మాకింకా మాట కుదరలేదు.